విప్పిన పెట్టెలు

వీధిలో అందరూ ఆయన్ని బొమ్మలాయన అంటారు. ఆయనకి ఆ మాట గిట్టదు. "బొమ్మలు కావండీ, మోడళ్ళు" అని ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. బొమ్మంటే కొనుక్కెళ్ళి ఆడుకునేది, మోడలంటే కొనుక్కెళ్ళి కట్టుకునేది. విమానమైనా, ఓడైనా, రైలింజనైనా పెట్టెలో ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని ప్లాస్టిక్ చట్రం నుంచి కత్తిరించి, నున్నగా రుద్ది, జిగురుతో అతికించి, రంగులేసి నిలబెట్టాలి. ఆయన ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పి ఊపిరి తీసుకునేలోపు, వచ్చినావిడ "అయితే ఏడ్చే పాప బొమ్మ లేదా?" అని అడిగేది. ఈ మధ్య ఆయన దిద్దడం మానేశాడు. "లేదమ్మా, వీధి చివర షాపులో దొరుకుతుంది" అని చెప్పి మళ్ళీ స్టూలు మీద కూర్చుంటున్నాడు. మనిషి ఎంత అలిసిపోయాడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

షాపు పెద్దదేం కాదు. ఇటు ఫోన్లు బాగుచేసే కొట్టు, అటు తాళాల కొట్టు, మధ్యలో రైలుపెట్టెలా పొడుగ్గా ఓ గది. రెండు గోడలకీ నేల నుంచి కప్పుదాకా అరలు, అరల నిండా పెట్టెలు. లోపలి చివర ఒక బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, ఎండిపోయిన రంగుల మరకలు. జిగురు వాసన గోడలకి పట్టేసింది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఆయనకి మాత్రం ఆ వాసన తగలకపోతే పొద్దున్న పొద్దున్నలా ఉండదు.

ఒకప్పుడు సెలవురోజున ఆ గదిలో నిలబడటానికి చోటుండేది కాదు. పళ్ళ డాక్టరు, బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా భుజాలు రాసుకుంటూ నిలబడి వాదించుకునేవాళ్ళు. ఒక పాత ఓడ అడుగుభాగం ఎరుపా, ఇటుకరంగా అన్న విషయం మీద డాక్టరూ డ్రైవరూ కొట్టుకున్నంత పని చేశారొకసారి. ఆ ఓడ వాళ్ళిద్దరూ పుట్టకముందే మునిగిపోయింది.

ఆ రోజులు ఒక్కసారిగా పోలేదు. పోయినా బాగుండేది, ఒకసారి ఏడ్చి ఊరుకునేవాడు. పళ్ళ డాక్టరుకి చూపు తగ్గింది. డ్రైవరు చిన్న ఇంట్లోకి మారాడు, ఓడలు పెట్టడానికి చోటెక్కడిదని వాళ్ళావిడ గట్టిగానే అడిగిందట. గుమాస్తా ఫోన్లో తెప్పించుకోవడం మరిగాడు. కొత్తగా వచ్చేవాళ్ళు పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఏ రంగు ఏ పాళ్ళలో కలపాలో ఆయన్నే అడిగి తెలుసుకుని, గుమ్మం దాటి మెట్ల మీదే నిలబడి అదే పెట్టెని ఫోన్లో చవగ్గా కొనేవాళ్ళు. ఆయనకది అద్దంలోంచి కనిపించేది. అయినా తర్వాత వచ్చినవాడికీ రంగుల సంగతి విడమరిచి చెప్పేవాడు. అడిగితే చెప్పకుండా ఉండలేడు, అదొక జబ్బు.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, ఈ వ్యాపారంలో ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. కొట్టుకి వచ్చిన ఏ పెట్టెనీ విప్పి చూడకుండా అరలో పెట్టేవాడు కాదు. షాపు పెట్టిన కొత్తలో ఒకాయన ఓ విమానం కొనుక్కెళ్ళాడు. చలికాలమంతా సాయంత్రాలు కూర్చుని కట్టాడు. చివరికి ముందు చక్రం పెట్టబోతే ఆ చక్రం పెట్టెలోనే లేదు. ఆయన వచ్చి ఆ విమానాన్ని కౌంటరు మీద పెట్టాడు. అది ముక్కు కౌంటరుకి ఆనించి పడి ఉంది. ఆయన తిట్టలేదు, మార్చి ఇమ్మని అడగలేదు, దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ షాపు గడప తొక్కలేదు. తిట్టి ఉంటే బొమ్మలాయన మర్చిపోయేవాడేమో. కొన్న మనిషి చివరిదాకా వచ్చి ఒక్క ముక్క కోసం ఆగిపోకూడదని ఆ రోజే అనుకున్నాడు. అప్పట్నుంచి ప్రతి పెట్టె పైనున్న ప్లాస్టిక్ పొర తీసి, ముక్కలన్నీ సరిచూసి, విరిగినదుంటే కంపెనీకి రాసి తెప్పించి, తెప్పించలేకపోతే తుక్కు ప్లాస్టిక్‌తో తనే చెక్కి, అప్పుడు అరలోకి ఎక్కించేవాడు.

ఈ పని ఒక్కడివల్ల అయ్యేది కాదు. కొత్తగా పెళ్ళైన భార్య వచ్చి ఎదురుగా కూర్చునేది. ఆయన బ్లేడు పెడితే పెట్టె గీసుకుపోతుందని, బొటనవేలి గోరుతో ఆవిడే పొర చీల్చేది. ముక్కల జాబితా ఉన్న కాగితం చూసి ఆవిడ అంకె చదివేది, ఆయన పట్టకారు కొనతో ఆ ముక్కని తాకి "ఉంది" అనేవాడు.

"పదకొండు."

"ఉంది."

"మా అమ్మకి మోకాళ్ళ నొప్పులట. పన్నెండు."

"ఉంది. డాక్టరుకి చూపించమను."

"పదమూడు. చూపించుకోదు, మొండిది."

"నీ పోలికే. ఉంది."

వాళ్ళ కాపురంలో సగం మాటలు ఆ అంకెల మధ్యే దొర్లాయి. ఆ మోకాళ్ళ నొప్పుల అత్తగారికి మాత్రం అల్లుడి వ్యాపారం మీద నమ్మకం లేదు. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అనేది. ఆ సామెత లోకంలో ఎవరికోసం పుట్టిందో గానీ, ఆవిడ నోట్లో పడ్డాక బొమ్మలాయనకి కొలిచి కుట్టించిన చొక్కాలా అమరిపోయింది. అంగడి ఉంది, అల్లుడూ ఉన్నాడు, బేరం కుదరబోయే వేళకి "ఇది మీకు కష్టమండీ, చిన్నది కట్టి అలవాటు చేసుకుని రండి" అని చెప్పే నోరూ ఉంది.

బేరాలు అడుగంటాక భార్య మందుల షాపులో పనికి కుదిరింది. అక్కడ కౌంటరు వెనక కుర్చీలుండవు. అమ్మేవాళ్ళు కూర్చుంటే వ్యాపారం లేదనుకుంటారని ఆ యజమాని సిద్ధాంతం. పొద్దున్న నిలబడితే సాయంత్రం దాకా నిలబడటమే. ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పట్టీల అచ్చులు పాదాల మీద అలాగే ఉండిపోయేవి. చాప మీద వెల్లకిలా పడుకుని, రెండు మడమలూ గోడకి ఆనించి కాళ్ళు పైకి పెట్టుకునేది. ఆ గోడ మీద రెండు నల్లటి మరకలు పడ్డాయి. సున్నం వేయించినప్పుడల్లా పోతాయి, మళ్ళీ వస్తాయి.

"ఎన్నాళ్ళండీ ఇలా?" అని ఆవిడ ఒక సాయంత్రం గోడతో అన్నట్టు అంది.

"షాపు ఎత్తేస్తాను" అన్నాడాయన. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని ఆయనకే తెలీదు. "సరుకంతా ఒక్కసారిగా అమ్మేస్తే చాలు. ఆ డబ్బుతో మనకి జరిగిపోతుంది. అది అమ్ముడైన రోజు నువ్వు పని మానేద్దువుగాని."

మర్నాడు పనికి వెళ్ళేముందు ఆవిడ "నిజంగానే అన్నారా?" అని అడిగింది. నిజంగానే అన్నానన్నాడు. ఆవిడ మెట్లు దిగుతుంటే ఏదో పాట కూనిరాగం తీస్తున్నట్టు వినిపించింది ఆయనకి. చాలా ఏళ్ళైంది అది విని.

కొనేవాణ్ణి బావమరిది పట్టుకొచ్చాడు. ఆవిడ తమ్ముడు వాడు, పాత సామాన్లు కొని అమ్ముతుంటాడు. నోరుంటే ఊరు ఏలొచ్చన్నది వాణ్ణి చూసే అన్నారేమో. "బావగారూ, మీరు ఇన్నేళ్ళూ చెత్త మీద కూర్చున్నారనుకున్నాం, నిధి మీద కూర్చున్నారు" అని వచ్చాడు. పాతబడి తయారీ ఆగిపోయిన మోడళ్ళకి ఇప్పుడు మంచి గిరాకీ ఉందట. వాటిని పోగేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడట. నచ్చితే గదంతా ఊడ్చినట్టు తీసుకెళ్తాడట.

ఆ పెద్దమనిషి మధ్యాహ్నం వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతులకి తెల్లటి పల్చటి తొడుగులు. అరల ముందు నిలబడి కాసేపు కళ్ళు మూసుకుని తెరిచాడు. బొమ్మలాయనకి ఆయన మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఎన్నాళ్ళకి ఒక తెలిసిన మనిషి కాలు పెట్టాడనుకున్నాడు.

"ఏవి ఎక్కువగా కడతారండీ? ఓడలా, విమానాలా?"

"కట్టనండీ" అన్నాడు పెద్దమనిషి. "ఉంచుతాను."

"ఉంచి?"

"ఉంచడమే."

బొమ్మలాయన ఆ మాటని నోట్లో వేసుకుని కాసేపు చప్పరించినట్టు ఊరుకున్నాడు. సరే, ఎవరి పిచ్చి వాళ్ళకానందం. పై అరలోంచి, ఎప్పుడో తయారీ ఆగిపోయిన ఒక పెద్ద ఓడ పెట్టెని దించి కౌంటరు మీద పెట్టాడు. పెద్దమనిషి దాని అంచుల వెంట వేలు పోనిచ్చాడు. ఒకవైపు, రెండోవైపు. వేలు ఆగింది.

"దీని సీలు తీశారే."

"తీశానండీ, అన్నిటికీ తీస్తాం. ఇందులో పొగగొట్టం విరిగి వచ్చింది. కంపెనీకి రాసి కొత్తది తెప్పించాను. మీకు భయం లేదు, లోపల ప్రతి ముక్కా ఉంటుంది. నాది పూచీ."

పెద్దమనిషి వేడి గిన్నె ముట్టుకున్నవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంకొకటి చూశాడు. ఇంకో అర చూశాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఏమిటో బొమ్మలాయనకి ఆ అరల ముందు నిలబడి తెలిసింది.

"మీరు మంచివారని తెలుస్తోంది" అన్నాడు పెద్దమనిషి నెమ్మదిగా. ఎవరైనా అలా మొదలుపెడితే ఆ తర్వాత మంచి మాట రాదు. "కానీ లోపల ముక్కలున్నాయా లేవా అన్నది నాకు పట్టింపు లేదండీ. విప్పారా లేదా అన్నదే. విప్పినదానికి విలువ లేదు."

వెళ్ళిపోబోతూ తలుపు పక్కన కింది అర దగ్గర ఆగాడు. అక్కడ దుమ్ము పట్టి కొన్ని పెట్టెలున్నాయి. వంగి ఒకదాన్ని తుడిచాడు. పొర బిగుతుగా మెరిసింది. మొహం వికసించింది. "ఇవి ఉన్నాయని చెప్పరేం?" అంటూ అర మొత్తం ఖాళీ చేశాడు. ఒక్క మాట బేరమాడకుండా డబ్బిచ్చాడు. అయినా అద్దె గదికి రంగులు వేయించి దాని యజమానికి అప్పగించే ఖర్చుకి అది సరిపోతుంది, అంతకు మించి ఏమీ మిగలదు.

పెద్దమనిషి వెళ్ళాక బావమరిది కౌంటరెక్కి కూర్చున్నాడు. వాడికి నిరాశ అనేది ఎక్కువసేపు నిలవదు.

"ఇంతోటిదానికి దిగులెందుకు బావగారూ. అలాంటి ప్లాస్టిక్ కాగితం చుట్టలుగా దొరుకుతుంది. చుట్టి, జుట్టు ఆరబెట్టే మిషనుతో వేడిగాలి కొడితే గట్టిగా పట్టేస్తుంది. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంటుంది. ఈయన కాకపోతే ఇంకో నలుగురున్నారు నా దగ్గర."

"వద్దులే."

"ఎవరికండీ నష్టం? వాళ్ళు విప్పరు, కట్టరు. జన్మలో తెలీదు."

అదీ నిజమే. బొమ్మలాయన కూడా అదే ఆలోచించాడు. నష్టపోయేవాడెవడో వెతికాడు, దొరకలేదు. అయినా ఆయన నోటికి ఆ సరే అన్న మాట రాలేదు.

"విప్పి చూశానని చెప్పి అమ్ముకుంటూ వచ్చినవాణ్ణి. ఇప్పుడు విప్పలేదని చెప్పి అమ్మమంటావా? నా వల్ల కాదు. వదిలెయ్."

"అక్క కాళ్ళు చూశారా మీరు?" అన్నాడు బావమరిది. ఎప్పుడూ నవ్వే మొహం ఆ మాటప్పుడు నవ్వలేదు. కౌంటరు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి నెమ్మదిగా నడిచాడు. మామూలు దారి వదిలి ఇంకో రెండు వీధులు చుట్టి నడిచాడు. వెళ్ళేసరికి భార్య చాప మీద పడుకుని ఉంది, మడమలు గోడ మీద.

"తమ్ముడు ఫోన్ చేశాడు" అంది తల తిప్పకుండా.

"అంతా చెప్పాడా?"

"చెప్పాడు. వేడిగాలి మిషను సంగతి కూడా చెప్పాడు."

"నేను వద్దన్నాను."

"అన్నారట." గోడ మీద మడమలు సర్దుకుంది. "అనేముందు నన్నొక మాట అడగాల్సింది."

ఆయన గోడకి చేరగిలి చాప అంచు మీద కూర్చున్నాడు. "అడిగితే ఏమనేదానివి?"

"నేనూ వద్దనే అనేదాన్ని."

"మరి?"

"మరేం లేదు. అడగాల్సింది. నిలబడేది నేను కదా."

ఆయనకి సిగ్గేసింది. ఇన్నాళ్ళూ తన మాట నిలబెట్టుకున్నానని లోలోపల కాస్త గర్వపడుతూనే ఉన్నాడు, సాయంత్రం ఆ రెండు వీధులు చుట్టి నడుస్తున్నప్పుడు కూడా. ఆ గర్వానికి ఖర్చు ఈ కాళ్ళు పెట్టుకుంటున్నాయని ఆయనకి తట్టలేదు. సారీ చెప్పాలనుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ వాడుకలో లేదు, ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు.

"ఆయన కొన్నవాటికి సీలు ఎలా ఉండిపోయింది?" అని ఆవిడే అడిగింది. "మనం ఒక్కటీ వదల్లేదే."

"అవి నువ్వు పనికి వెళ్ళడం మొదలుపెట్టాక వచ్చినవి."

"మీరొక్కరే చూసుకోలేకపోయారా?"

"ఒకటి మొదలుపెట్టాను. అంకె చదివి, ముక్క వెతికి, మళ్ళీ కాగితం చూసేసరికి ఎక్కడున్నానో మర్చిపోయాను. అదొక్కటి ఎలాగో ముగించాను." ఆయన చాప పోగు ఒకటి లాగుతూ కూర్చున్నాడు. "నిజం చెప్పాలంటే అది కూడా సాకే. ఒక్కణ్ణే కూర్చుని 'ఉంది' అనుకోవడానికి బుద్ధి పుట్టలేదు. తలుపు పక్కన పడేశాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాడు.

"అయితే సరిచూడని సరుకు అంటగట్టారన్నమాట ఆయనకి" అంది చివరికి.

"కట్టడుగా."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పెద్ద నవ్వేం కాదు, రోజంతా పనిచేసి వచ్చినవాళ్ళకి ఎంత మిగులుతుందో అంత. నవ్వు అయిపోయాక ఆవిడ కాళ్ళు దించుకుని లేచి వంటగదిలోకి వెళ్ళింది. పని మానెయ్యడం గురించి ఆవిడా ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

నెలాఖరుకి షాపు ఖాళీ అయింది. పక్క ఫోన్ల కొట్టతను మధ్య గోడ కొట్టించుకుని గది కలుపుకుంటున్నాడు. మూత పడుతోందని విని పళ్ళ డాక్టరు కర్ర పట్టుకుని వచ్చాడు. ఒక పెట్టె మూత తీసి, ముక్కల్ని వేళ్ళతో తడిమి, మూత పెట్టేసి, "కొని ఏం చేసుకోను" అని వెళ్ళాడు. ఒకరిద్దరు వచ్చి చివరి రోజుల్లో ఏమైనా తగ్గిస్తారా అని అడిగారు. తగ్గించాడు. మిగిలినవి బావమరిది ఆటోలో ఇంటికి చేర్చాడు. దారిలో హాస్యాలేమీ ఆడలేదు. మంచం కింద, బీరువా పైన, వంటగది అటక మీద పట్టినన్ని పట్టాయి. కట్టేవాళ్ళెవరైనా వస్తే ఇస్తానని బొమ్మలాయన అన్నాడు. ఎక్కణ్ణుంచి వస్తారని ఎవరూ అడగలేదు.

తాళాలు అప్పగించిన మర్నాడు పొద్దున్న భార్య పనికి బయల్దేరుతోంది. గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. వాచిన పాదాన్ని అందులో ఇమిడ్చి పట్టీ లాగడానికి ఈ మధ్య సమయం పడుతోంది. వెళ్ళడానికి ఎక్కడా చోటు లేని మనిషి ఇంట్లో ఎలా తిరుగుతాడో అలా ఆయన అటూ ఇటూ తిరిగి, వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"ఒక మాట అడగాలి."

"ఆలస్యమవుతోంది, తొందరగా అడగండి."

"నీ బదులు నన్ను పెట్టుకోమని మీ యజమానిని అడుగుదామనుకుంటున్నాను. నిన్ననే వెళ్దామనుకున్నా. నిన్ను అడక్కుండా వెళ్ళకూడదని ఆగాను."

ఆవిడ పట్టీ లాగుతున్న చెయ్యి ఆపి తలెత్తి చూసింది. ఆయన హాస్యమాడుతున్నాడేమోనని చూసినట్టుంది. ఆయన మొహంలో హాస్యమేమీ లేదు.

"మందుల పేర్లు తెలియాలి."

"చిన్న అక్షరాలు చదవడం నాకు కొత్త కాదు. మిగతాది నువ్వు చెప్తే నేర్చుకుంటా."

"ఆయన ఒప్పుకోకపోతే?"

"రేపు ఇంకోచోట అడుగుతా."

"మాటలనుకున్నారా? ఈ వయసులో రోజంతా నిలబడాలి. అక్కడ స్టూలు ఉండదు. మీ కాళ్ళు కూడా వాస్తాయి."

"వాయనీ" అన్నాడాయన. "ఇన్నేళ్ళూ నేను కూర్చునే ఉన్నాను."

వీధిలో ఏదో బండి వెళ్ళింది. పైవాటా వాళ్ళు తలుపు వేసుకుని మెట్లు దిగి వెళ్ళారు. ఆవిడ ఇంకా అలాగే కూర్చుంది, ఒక కాలికి చెప్పు ఉంది, రెండో చెప్పు చేతిలో ఉంది. తర్వాత వంగి, వేసుకున్న పట్టీ విప్పింది. విప్పడం కూడా కష్టంగానే ఉంది. ఆయన సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి" అంది. "నేను కాసేపు పడుకుంటాను."